పూలకాలువ వీధి రాహేలు

ఆమ్‌స్టర్‌డామ్ నగరములో బ్లూమ్‌గ్రాఖ్ట్ అను కాలువ యొకటి నేటికిని ఉన్నది. ఆ పేరునకు పూలకాలువ అని అర్థము. మూడువందల యేండ్ల క్రిందట ఆ కాలువ ఒడ్డున ఫ్రెడరిక్ రైష్ అను వైద్యుని ఇల్లుండెను. ఆ ఇంటి గదులను చూచుటకు ప్రభువులును, పండితులును, దూరదేశపు ప్రయాణికులును వచ్చుచుండిరి. 1697లో రష్యా దేశపు రాజైన పేతురు సహితము వచ్చెను. వారు చూడవచ్చినవి పూవులు కావు. సారాయి పోసిన గాజుపాత్రలలో చెడకుండ నిలిపిన శరీర భాగములు. లోకము చూడకమునుపే మరణించిన పసికందులు. చిన్న చిన్న అస్థిపంజరములను రాళ్ల గుట్టలవంటి వాటిమీద నిలువబెట్టి, దగ్గరకు పోయి చూచినయెడల ఆ గుట్టలు మనుష్య శరీరములో దొరకిన రాళ్లేయని తెలియునట్లు అమర్చిన దృశ్యములు. ఇట్టి ఇంటిలో పెరిగిన పెద్ద కుమార్తె పూవులను చిత్రించుటలో ఐరోపా ఖండమంతట పేరుపొందెను. ఆమె పేరు రాహేలు.

చదువరులారా, ఈ రెండు పనులకును పొత్తు ఏమని మీరడుగుదురేమో. ఆమె జీవితమును చదువునప్పుడు నాకును మొదట తోచిన ప్రశ్న అదియే. చదివినకొలది, అవి రెండు పనులు కావు, ఒక్క ఇంటి పనియేయని తోచినది. తండ్రి మరణించినదానిని చూచువారి యెదుట చెడకుండ నిలిపెను. కుమార్తె రేపటికి రాలిపోవుదానిని నేడున్నట్టే నిలిపెను. ఇద్దరికిని కావలసినది ఒక్కటే: ఓర్పుతో, భయపడక, ఉన్నదానిని ఉన్నట్లు చూచుట.

రాహేలు 1664లో హేగు పట్టణమున జన్మించెను. ఆమె తల్లి మరియ పోస్టు. మరియ తండ్రి పీటర్ పోస్టు ఆ దేశములో గొప్ప మేడలను కట్టించిన శిల్పి. హేగులోని మౌరిట్‌స్‌హౌస్ అను మేడ నిర్మాణములో అతనికి పాలుండెను. మరియ పినతండ్రి ఫ్రాన్స్ పోస్టు ఓడనెక్కి బ్రెజిలు దేశమునకు పోయి, అక్కడి పొలములను నదులను చిత్రించిన చిత్రకారుడు. కాబట్టి తండ్రి వైపున వైద్యమును, తల్లి వైపున చిత్రకళయు ఆ బిడ్డకు పుట్టుకతోనే సంక్రమించెనని చెప్పవచ్చును.

1667లో, రాహేలు మూడేండ్ల పిల్లగా నున్నప్పుడు, తండ్రికి ఆమ్‌స్టర్‌డామ్‌లో శస్త్రవైద్యులకు శరీరశాస్త్రము బోధించు ఉద్యోగము దొరికెను. మరు సంవత్సరము నగరములోని మంత్రసానులకు శిక్షణనిచ్చు పనియు ఆయనకప్పగింపబడెను. 1685లో వృక్షశాస్త్రమునకు కూడ ఆయనను ఆచార్యునిగా నియమించిరి. ఆ నగరపు ఔషధవనములో తూర్పు ఇండియా దీవులనుండియు, సింహళమునుండియు, ఆఫ్రికా దక్షిణ కొననుండియు, అమెరికా ఖండమునుండియు వచ్చిన మొక్కలను గాజు ఇండ్లలో పెంచుచుండిరి. వాటిని తెచ్చినవి డచ్చి వర్తక సంఘముల ఓడలు. మన తీరమునకు ఈ ఓడలు క్రొత్తవి కావు. ఆ తూర్పు ఇండియా సంఘమువారు 1605లోనే మచిలీపట్టణమున దిగి వర్తకశాలను పెట్టిరి. తరువాత భీమునిపట్టణమునను స్థిరపడిరి. మన చేతిపనివాండ్రు అద్దిన పూల బట్టలు ఆమ్‌స్టర్‌డామ్ ఇండ్లలో పరుపులమీదను గోడలమీదను పరచుకొనిన కాలమది. ఆ నగరము పూవులకొరకు ఎంత ఆశపడెనో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

తండ్రి తయారుచేసిన పసికందుల శరీరములకు చిన్న చిన్న లేసు అంచుల గుడ్డలు తొడుగుటలోను, పాత్రలను పూవులతోను గవ్వలతోను అలంకరించుటలోను కుమార్తెలు సాయపడుచుండిరని చెప్పుదురు. మనకిది ఒడలు జలదరించునట్టి పనిగా తోచును. గాని ఆ తండ్రి ఉద్దేశము వేరు. మంత్రసానులకు బోధించువాడు గనుక బిడ్డలు ఎన్ని విధముల మరణించుదురో ఆయనకు తెలిసినట్లు మరి యెవరికిని తెలియదు. మరణము అసహ్యమైనది కాదనియు, శరీరము సృష్టికర్త చేతిపనియనియు చూపవలెనని ఆయన కోరెను. ఆయన అమర్చిన అస్థిపంజరములలో కొన్ని చేతిగుడ్డ పట్టుకొని కన్నీరు తుడుచుకొనుచున్నట్లుండును. జీవితము ఆవిరివంటిదని చెప్పు ప్రసంగమును మాటలతో గాక ఎముకలతో చేసెనన్నమాట.

ఇక్కడ ఆ దేశపు చిత్రకళను గూర్చి కొంచెము చెప్పుట అవసరము. 1566లో ఆ దేశములోని అనేక దేవాలయములనుండి విగ్రహములను, పటములను జనులు పెరికివేసిరి. 1578లో ఆమ్‌స్టర్‌డామ్ నగరము సంస్కరణ పక్షమునకు తిరిగెను. ఆ తరువాత దేవాలయపు గోడలకు సున్నమే మిగిలెను. అంతవరకు బలిపీఠములకు పటములు వ్రాసి జీవించిన చిత్రకారులకు ఆ పని లేకపోయెను. కళ అంతటితో చచ్చిపోలేదు. దేవాలయములోనుండి వెళ్లి వర్తకుని ఇంటి ముందు గదిలో ప్రవేశించెను. రొట్టె, చేప, నిమ్మపండు, గాజు గిన్నె, పూలపాత్ర మొదలగునవి పటములకు విషయములాయెను. అట్టి చిత్రమును డచ్చివారు స్టిల్లెవెన్ అందురు; కదలక నిలిచిన జీవమని దాని భావము. పరిశుద్ధుల ముఖములకు బదులుగా ఒక గులాబి రేకు మీది మంచుబొట్టును చూచి మనుష్యులు ఆలోచించుట నేర్చుకొనిరి. యెషయా గ్రంథము 40వ అధ్యాయమును, 103వ కీర్తనను చిన్ననాటినుండి వినిన జనులకు వాడబోవు పూవు ఏమి చెప్పుచున్నదో వేరే వివరింప నక్కరలేదు.

1679లో, పదునైదవ యేట, తండ్రి రాహేలును విల్లెం వాన్ ఆల్స్ట్ అను చిత్రకారునియొద్ద పనికి పెట్టెను. ఆ కాలమున చిత్రకారుల కుమార్తెలు తమ తండ్రులయొద్దనే కుంచె పట్టుట వాడుక. వైద్యుడు తన ఆడపిల్లను పరుని పనిశాలకు శిష్యురాలిగా పంపుట అరుదు. అందుచేత ఈ కథలో తండ్రికి కొంత ఘనత రావలెనని నా అభిప్రాయము. వాన్ ఆల్స్ట్ ఇటలీలో మెడిచి ప్రభువుల ఆస్థానమున పనిచేసి వచ్చినవాడు. అతనికి ముందున్నవారు పూవులను పాత్రలో గుండ్రముగా, ఒకదాని ప్రక్క నొకటి, తూచినట్లు పెట్టి చిత్రించుచుండిరి. అతడు ఆ పద్ధతి మార్చి, గుత్తిని ఒక ప్రక్కకు ఒరగనిచ్చి, చీకటినుండి వెలుగులోనికి అడ్డముగా వ్రాలునట్లు చేసెను. రాహేలు ఆ ఒరుగును నేర్చుకొని, తన జీవితమంతయు దానిని విడువలేదు.

అతని పనిశాలకు దగ్గరగా మరియ వాన్ ఊస్టర్‌విక్ అను మరియొక చిత్రకారిణి నివసించుచుండెను. ఆమె సంస్కరణ సంఘపు కాపరి కుమార్తె. వివాహము చేసికొనక, పూవులనే చిత్రించుచు, ఫ్రాన్సు రాజునకును ఆస్ట్రియా చక్రవర్తికిని పటములనమ్మినది. స్త్రీ కుంచె చేతబట్టి గౌరవముగా జీవింపవచ్చునని పదునైదేండ్ల రాహేలునకు ప్రసంగము చేయ నక్కరలేదు. కండ్లయెదుటనే ఒక మాదిరి యుండెను.

వాన్ ఆల్స్ట్ 1683లో మరణించెను. అప్పటికి రాహేలు పందొమ్మిదేండ్లది. సొంతముగా పటములు వ్రాసి తన పేరు పెట్టుచుండెను. ఆ తొలి సంవత్సరములలో ఆమె పాత్రలలోని పూవులను మాత్రమే గాక, అడవి నేలను కూడ చిత్రించెను. చెట్టు మొదట పుట్టిన కుక్కగొడుగులు, బల్లి, పాము, కప్ప, చిమ్మట, వాటి నడుమ విరిసిన అడవిపూవు. నాచును చూపుటకు నిజమైన నాచునే రంగులో ముంచి పటముమీద అద్దుటయు ఆమె పద్ధతులలో నొకటి. తండ్రి గాజుపాత్రలలోని జంతువులను దగ్గరగా పరీక్షించిన కండ్లే ఇవియు చిత్రించినవని చూడగానే తెలియును.

ఆమె చెల్లెలు అన్నయు మంచి చిత్రకారిణియే. అక్కచెల్లెండ్రు ఒకరి పటములోనుండి ఒకరు పూవులను, పురుగులను తీసికొని వ్రాసిన సంగతి ఈ మధ్య పండితులు గుర్తించిరి. అన్న 1688లో రంగులమ్ము వర్తకుని వివాహమాడెను. ఆమె పటములుగా నేడు తెలిసినవి కొద్దియే. ఆ కాలమున పెండ్లియైన స్త్రీకి సాధారణముగా అదియే జరుగుచుండెను.

రాహేలు 1693లో, ఇరువదితొమ్మిదవ యేట, యూరియాన్ పోల్ అను చిత్రకారుని వివాహమాడెను. అతడు నగరపు అనాథాశ్రమములో పెరిగినవాడు. మనుష్యుల ముఖములను చిత్రించి, లేసు వ్యాపారమును చేయుచుండెను. వారికి పదిమంది బిడ్డలు పుట్టిరి. బైబిలులోని రాహేలు బిడ్డలకొరకు ఏడ్చి ఏడ్చి, ఇద్దరిని మాత్రమే కని, రెండవ కాన్పులో మార్గమధ్యమున ప్రాణము విడిచెను. ఈ రాహేలు పదిమందిని కని, ఎనుబదియారేండ్లు జీవించెను. కడపటి బిడ్డ 1711లో, ఆమె నలుబదియేడవ యేట పుట్టెను.

ఈ సంఖ్యలను వేగముగా చదివి దాటిపోకుడని చదువరులను, ముఖ్యముగా సహోదరులను, వేడుకొనుచున్నాను. పది కాన్పులనగా పదునెనిమిది సంవత్సరముల గర్భము, పాలు, జ్వరములు, నిద్రలేని రాత్రులు. కలిగిన ఇల్లు గనుక పనికత్తెలు ఉండియుందురు. అయినను పనికత్తె కుంచె పట్టలేదు గదా. ఆ పదునెనిమిది సంవత్సరములలోనే రాహేలు తన శ్రేష్ఠమైన పటములనేకము వ్రాసెను. ఆమె తన దినమును ఎట్లు పంచుకొనెనో వ్రాసి పెట్టలేదు. పటముల మీది తేదీలే సాక్ష్యము. ఆమె భర్తను గూర్చియు ఒక మాట చెప్పవలెను. తన పటములకంటె భార్య పటములకు ఎక్కువ వెల వచ్చుచుండెనని అతడు బాగుగా ఎరుగును. అసూయపడి ఆమెను ఆపినవాడు కాడు. తన్నును, భార్యను, కడపటి కుమారుని కలిపి అతడు వ్రాసిన పటము ఒకటి డుసెల్‌డార్ఫ్ నగరములో ఉన్నది. అందులో గౌరవస్థానము ఆమెదే.

1701లో హేగులోని పిక్టురా అను చిత్రకారుల సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. ఆ సంఘమున ప్రవేశించిన మొదటి స్త్రీ ఆమెయే. 1708లో జర్మనీ దేశమున రైను నది తీరమందలి డుసెల్‌డార్ఫ్‌లో ప్రభుత్వము చేయుచుండిన యోహాన్ విల్‌హెల్మ్ అను ప్రభువు ఆమెను తన ఆస్థాన చిత్రకారిణిగా నియమించెను. సాధారణముగా అట్టి పదవి దొరకినవారు ఇల్లు వాకిలి విడిచి ప్రభువు కొలువునకు పోవలెను. బిడ్డల తల్లి ఎక్కడికి పోగలదు? ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉండి పటములు వ్రాసి పంపునట్లు ఒప్పందము జరిగెను. ఆ ప్రభువు రోమను మతస్థుడు. భార్య ఇటలీలోని మెడిచి వంశపు కన్య. అతడు రాహేలు పటములలో కొన్నిటిని తన మామకు కానుకగా ఫ్లోరెన్సునకు పంపెను. అవి నేటికిని అక్కడి చిత్రశాలలలో ఉన్నవి. 1711లో పుట్టిన కుమారునికి ఆ ప్రభువే జ్ఞానతండ్రి ఆయెను; బిడ్డకు యాన్ విల్లెం అని ఆయన పేరే పెట్టిరి. ప్రభువు 1716లో మరణించువరకు ఆ పదవి ఆమెకు నిలిచెను.

ఆమె బ్రదికియుండగనే ఒక్కొక్క పటమునకు 750 మొదలు 1200 గిల్డర్లవరకు వెల పలికెను. రెంబ్రాంటు అంతవాడు తన జీవితకాలమున ఒక పటమునకు 500 గిల్డర్లు పొందుట అరుదు. ఈ పోలికను చూచి రాహేలు రెంబ్రాంటును మించినదని ఎవరును భావింపకూడదు. వెల ఒకటి, విలువ మరియొకటి.

ఇక ఆమె పటమును చూతము. వెనుక భాగమంతయు చీకటి. రాతి బల్లయో, చలువరాతి పలకయో. దానిమీద సరిగా కనబడని గాజుపాత్ర. దానిలోనుండి పూలగుత్తి పైకి లేచి, ఒక ప్రక్కకు ఒరిగి, క్రిందికి జారును. నడుమ తెల్లని, లేత గులాబి రంగు పూవులకు వెలుగంతయు తగులును. అంచులయందున్నవి చీకటిలోనికి పోవును. పైన ఒక ట్యూలిప్ పూవు. తెలుపు మీద ఎఱ్ఱని మంటలవంటి చారలు. ఆ చారల పూవుకొరకు ఆ దేశస్థులు ఒకప్పుడు ఇండ్లు తాకట్టు పెట్టిరందురు. ఆ చారలు మొక్కకు పట్టిన ఒక అంటురోగము వలన కలిగినవని ఇరువదియవ శతాబ్దములో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మిక్కిలి వెలగల అందము జబ్బు గుర్తాయెనన్నమాట. తరువాత గసగసాల పూవు, కార్నేషను, ఐరిసు, ప్రొద్దుతిరుగుడు. కాడలు తిన్నగా నుండవు. మెలికలు తిరిగి, కొన్ని బరువునకు వంగి, కొన్ని విరుగబోవుచుండును. ఒక ఆకును పురుగు కొరికివేసినది. ఆ రంధ్రములోనుండి వెనుకనున్న చీకటి కనబడును. ఒక రేకు అంచు గోధుమరంగుకు తిరిగినది. చీమ కాడమీద ఎక్కుచున్నది. బల్లమీద నత్తయో, మిడతయో. రాలిన రేకు ఒకటి.

ఈ పూవులన్నియు ఒక్క దినమున ఏ తోటలోను దొరకవు. ట్యూలిప్ వసంతమున పూయును. గులాబికి జూను రావలెను. ప్రొద్దుతిరుగుడు ఎండకాలము చివర విచ్చును. ఒక్కొక్కటి పూచినప్పుడు దానిని చూచి వ్రాసికొని, నెలల తరబడి పటమును నింపవలెను. అదే నగరమున పనిచేసిన యాన్ వాన్ హైసుం అను పూలచిత్రకారుడు ఒక పచ్చ గులాబి ఆ సంవత్సరము దొరకనందున పటము పూర్తికాలేదని ఒక ప్రభువునకు వర్తమానము పంపెను. రాహేలు పనియు అట్టిదే. కాబట్టి ఆ గుత్తిని నిజముగా ఎవరును చూడలేదు. ఒక్కొక్క పూవును చూచి వ్రాసినదే; అన్నియు కలిసి యుండుట మాత్రము ఆమె కుంచెవలననే కలిగెను.

ఆ పురుగు తినిన ఆకుకును, నత్తకును అర్థములు చెప్పు పుస్తకములు చాలగలవు. చీమ అనగా శ్రమయనియు, సీతాకోకచిలుక అనగా పునరుత్థానమనియు, రాలిన రేకు అనగా మరణమనియు వరుసగా చెప్పుదురు. ఆ కాలపు జనులు అట్లు ఆలోచించుట నిజమే. గాని ప్రతి చీమను పట్టుకొని ప్రసంగము చేయించుట నాకు నచ్చదు. మంత్రసానులకు బోధించిన వైద్యుని కుమార్తె, మొక్కల ఆచార్యుని కుమార్తె, ఆకును చూచినప్పుడు మొదట ఆకునే చూచెను. పురుగు తినిన ఆకును తీసివేసి మంచి ఆకును పెట్టుట సులువైన పని, కొనువారును సంతోషించియుందురు. ఆమె అట్లు చేయలేదు. అడవిపూవులను ఆలోచించుడని ప్రభువు కొండమీద సెలవిచ్చినప్పుడు రేపు పొయ్యిలో వేయబడు సంగతిని కూడ దాచలేదు. ఆ పూవుకు సొలొమోను వైభవముకంటె ఎక్కువ అలంకారమనియు, దాని ఆయువు ఒక్క దినమనియు, రెండును ఒక్క మాటలోనే చెప్పెను. రాహేలు పటమునందును ఆ రెండును ఒక్క పాత్రలోనే ఉన్నవి.

1717లో తండ్రి తన సంగ్రహమంతయు రష్యా రాజైన పేతురునకు 30,000 గిల్డర్లకు అమ్మెను. అప్పటికి ఆయన డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధుడు. అమ్మి ఊరకుండక, మరల మొదటినుండి క్రొత్త సంగ్రహమును తయారుచేయ నారంభించెను. 1731లో, తొంబదిరెండవ యేట మరణించువరకు ఆయన చేతులు పనినుండి విరమింపలేదు. పాత సంగ్రహములో చాల భాగము నేటికిని సెయింట్ పీటర్స్‌బర్గులో ఉన్నది.

కుమార్తెకు మరియొక రీతిగా ధనము వచ్చెను. 1723లో రాహేలును, భర్తయు, వారి కుమారులలో ఒకడును కొనిన లాటరీ చీటికి 75,000 గిల్డర్లు తగిలెను. లాటరీని మన సంఘములు మెచ్చుకొనవు, నేనును మెచ్చుకొనను. అయితే జరిగినది జరిగినట్టు చెప్పవలెను గదా. ఆ మొత్తము ఆమె పటములలో వెల హెచ్చైన అరువదింటి వెలకంటెను ఎక్కువ. ఏబదితొమ్మిదేండ్ల స్త్రీ; పదిమంది బిడ్డల తల్లి; ఇక కుంచె పట్టవలసిన అవసరము లేదు. నిజముగానే ఆ తరువాత చాల యేండ్లు ఆమె పటములు మిక్కిలి తగ్గిపోయెను. ఇక్కడితో ఆమె కథ ముగిసియుండినయెడల, జీవనముకొరకు పనిచేసి, కలిమి రాగానే మానివేసిన మంచి పనికత్తెయని మనము తలంచియుందుము.

గాని ఆమె మరల మొదలుపెట్టెను. డెబ్బదియేండ్లు దాటిన తరువాత మరల పూవుల యెదుట కూర్చుండెను. బలవంతపెట్టు ప్రభువు లేడు, అప్పులవాడు లేడు, పాలకు ఏడ్చు బిడ్డ లేడు. 1745లో భర్త మరణించెను. ఏబదిరెండేండ్ల కాపురము. ఆ తరువాతను ఆమె వ్రాసెను. ఈ ముదిమి కాలపు పటములు చిన్నవి, మునుపటివలె పెద్ద గుత్తులు కావు, రంగులు లేతవి, పూవులు కొద్ది. చేతి వణకు వెదకి చూచినను కనబడదు. వాటిమీద ఆమె తన పేరుతోపాటు తన వయస్సును కూడ వ్రాయ నారంభించెను. 1747లో వ్రాసినదానిమీద 83 అని ఉన్నది. స్త్రీలు వయస్సు చెప్పుటకు ఇష్టపడరని మనవారు పరిహాసమాడుదురు. ఈమె అడుగకుండగనే రంగుతో వ్రాసి పెట్టెను. కొందరు దానిని గర్వమందురు. పదునైదవ యేట కుంచె పట్టినది మొదలు అప్పటికి అరువదియెనిమిది సంవత్సరములు గడచెను. ఆ మాత్రపు గర్వము ఆమెకు చెల్లునని నాకు తోచుచున్నది.

యోహాన్ వాన్ గోల్ అను చరిత్రకారుడు ముసలితనమున ఆమెను దర్శించి, చిత్రకారుల చరిత్రలను గూర్చిన తన గ్రంథములో ఆమె జీవితమును చేర్చెను. ఆ గ్రంథపు మొదటి భాగము 1750లో వెలువడెను. ఆ యేటనే, ఎనుబదియారవ యేట, ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించెను. పదునొకండుగురు కవులు ఆమెను గూర్చి వ్రాసిన పద్యములును ఆ సంవత్సరమే పుస్తకముగా అచ్చాయెను. ఆ దేశములో అంతటి గౌరవము పొందిన చిత్రకారులు పురుషులలోను కొద్దిమందియే.

నూరేండ్లు గడచిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దమున, హేగు పట్టణమందే హెరార్డీనా వాన్ డె సాండె బాక్‌హైజెన్ (1826–1895), మార్గరేత రూసెన్‌బూమ్ (1843–1896) అను స్త్రీలు గులాబులను చిత్రించి పేరుపొందిరి. మనుష్య శరీరమును చూచి చిత్రించు విద్య చిత్రశాలలలో ఆడపిల్లలకు చాలకాలము నేర్పలేదు గనుక, పూవులు మాత్రమే స్త్రీలకు తగినవని పెద్దలు నిర్ణయించిన కాలమది. రాహేలు చరిత్ర వారికి ఆధారమును, ఆటంకమును కూడ ఆయెను. పూవులు వ్రాయు స్త్రీ రాజులచేత గౌరవింపబడవచ్చునని ఆమె చూపెను. అందుచేతనే స్త్రీలకు పూవులు చాలునని చెప్పువారికిని ఆమె పేరు పనికివచ్చెను. మార్గరేత నిగనిగలాడు చీకటి గుత్తులను విడిచి, నేలమీద జారవిడిచినట్లున్న తెల్ల గులాబులను విశాలమైన కుంచెతో వ్రాసెను. ఆమెకు ఒక రోజాపూవే చాలెను.

రాహేలు 1700లో వ్రాసిన పూలపాత్ర పటము నేడు హేగులోని మౌరిట్‌స్‌హౌస్‌లో వ్రేలాడుచున్నది. ఆమె తాత చేయి పడిన మేడయే అది. డుసెల్‌డార్ఫ్ ప్రభువు సంగ్రహము 1806లో మ్యూనిక్ నగరమునకు తరలింపబడినందున, ఆమె బిడ్డల నడుమ వ్రాసి పంపిన పటములును అక్కడికి చేరినవి. ఇంత పేరుపొందిన ఆమె పటములకు మాత్రమే ప్రత్యేకింపబడిన మొదటి గొప్ప ప్రదర్శనము ఆ మ్యూనిక్‌లోనే 2024 నవంబరులో తెరువబడి, 2025లో అమెరికాలోని టొలీడోకును, బోస్టనుకును వెళ్లెను. చెల్లెలు అన్న పటములను కూడ ఆమె పటముల ప్రక్కనే వ్రేలాడదీసిరి.